పాగాపెట్టెలో పిల్లికూన

మా ఇంటి మగవాళ్ళు బజారులో చేత ఏదీ పట్టుకుని నడవరు. ఇది మా తాత పెట్టిన నియమం కాదు, ఆయన తాతది. ఆయన నడిచేటప్పుడు వెనకాల ఒకడు గొడుగు, ఒకడు చెంబు మోసేవాళ్ళట. నా కాలానికి వెనక నడిచేవాళ్ళు లేరు, గొడుగూ లేదు. నియమం మాత్రం ఉంది. దాన్ని కాపాడటానికి నేను చొక్కాలకు మోచెయ్యి లోతు జేబులు కుట్టించుకునేవాణ్ణి. టమాటాలు, ఎర్రగడ్డలు, అవ్వకు వక్కాకు అన్నీ వాటిలోనే ఇల్లు చేరేవి. "ఏమప్పా, ఇవి జేబులా గోతాములా?" అని దర్జీ అడిగేవాడు. రెండు తొడల పక్కన రెండు సంచులు ఊగుతున్నా మెడ నిటారుగా పెట్టుకుని పెనుకొండ బజారు దాటడం సాధన మీద వచ్చే విద్య.

తొంభైల చివర్లో కొండ కింద మా ఇల్లు సగం కూలిపోయి ఉండేది. కూలని సగంలో నేనూ, మా నాయన తల్లి అయిన అవ్వా కాపురం. వీధి వైపు గదిలో గాజులు అమ్ముకునే ఒకామె ఉండేది. ఆమెకు బాడుగకిచ్చామని అవ్వ ఏనాడూ ఒప్పుకోలేదు. "మన నీడన ఉండాది" అనేది. నెలకోసారి ఆమె గడప మీద పెట్టిపోయేదాన్ని కానుక అనేది.

ఎర్రమంచి దిక్కున ఉన్న శెనక్కాయ చేన్లను మా తాత ఊరికి తీర్పులు చెప్తూ పోగొట్టాడు. మిగిలినవాటిని మా నాయన కోర్టులో తీర్పులు అడుగుతూ పోగొట్టాడు. నాకు మిగిలినవి రెండు. మొదటిది జరీ పాగా. దాని కొసన అరచెయ్యంత మరక ఒకటుంది. మా ముత్తాతను ఏదో దర్బారులో సన్మానించినప్పుడు చల్లిన పన్నీరు మరక అది అని నాయన చెప్పేవాడు. చిన్నప్పుడు నేను పండగ పూట ఆ మరకను వాసన చూసేవాణ్ణి. పన్నీరు వాసన వచ్చేది కూడా.

రెండోది మాట. మా ఇంట్లో ఎవరైనా అమానతుగా, అంటే దాచమని, వదిలిపెట్టిన వస్తువు చెడకుండా తిరిగి చేరుతుందని పేరు. దానికొక పద్ధతి ఉంది. "మీ ఇంటిని నమ్ముకొని వదిలిపెడతాండా" అని ఎవరంటే వాళ్ళకు "వదిలిపెట్టు" అని చెప్పాలి. ఏమిటది అని అడగకూడదు. అడిగితే మనిషిని అనుమానించినట్లు. మా తాత ఇట్లాగే ఒకాయన వదిలిపోయిన జాడీకి ఏండ్లకేండ్లు కాపలా మనిషిని పెట్టాడు. ఆయన తిరిగొచ్చి మూత విప్పితే నిమ్మకాయ ఊరగాయ. అది కూడా చెడలేదు.

ఒక చలికాలం పొద్దున నేను వసారాలో పేపరు చదువుకుంటున్నాను. గాజులామె గడప దగ్గరికి వచ్చింది.

"అయ్యా, మీ ఇంటిని నమ్ముకొని వదిలిపెడతాండా."

"వదిలిపెట్టు" అన్నాను, పేపరు దించకుండా.

దించాక చూస్తే గడప మీద గాజుల తట్ట, తట్టలో పాతగుడ్డ, గుడ్డలో పిల్లికూన. చుంచెలుక కంటే కొంచెం పెద్దది. కండ్లు కొత్తగా తెరిచినట్లున్నాయి, అప్పుడే మళ్ళీ మూసుకుపోతున్నాయి.

"దీని తల్లిని లారీ తొక్కేసింది అయ్యా. నేనే దూదివత్తితో పాలు పడతాండా" అంది గాజులామె. "ధర్మవరంలో నా బిడ్డకు నెలలు నిండినాయి, ఈ పొద్దే రమ్మని కబురొచ్చింది. ఆడ అల్లుని ఇంట్లో కుక్క ఉండాది."

"అది కాదమ్మా, పిల్లి అంటే..."

"నా మనసుకు ఒకటి తోచింది అయ్యా. ఇది బతికితే నా బిడ్డకు కాన్పు సులువుగా అయితాదని. పిచ్చిమాటే. అయినా తోచింది." చీర కొంగుతో కండ్లు తుడుచుకుంది. "మీ ఇంట్లో పెట్టినది చెడదు కదా. నాకు ఆ ధైర్నం చాలు."

మూటలు ఎత్తుకుని రైలుకు వెళ్ళిపోయింది. నేను మాట ఇచ్చేశాను.

పిల్లి ఎదురొస్తే మా అవ్వ ఆ రోజు ప్రయాణమే మానుకునే మనిషి. తట్టకు ఆమడ దూరంలో నిలబడి, మెడ చాచి చూసింది.

"ఊపిరి పీలుస్తాండాదా?"

"పీలుస్తోంది."

"బాగా చూడు. పెండ్లికూతుర్నైనా చూసి తెచ్చుకుంటారు, అమానతును నువ్వు చూడకుండానే తీసుకుంటివి."

నాకు పెండ్లి కాలేదు. ఆ సంగతి ప్రతి మాటలో గుర్తుచెయ్యడం అవ్వకు అలవాటు.

మర్నాటికి కూన పాలు ముట్టడం మానేసింది. కండ్లు పుసులతో అతుక్కుపోయాయి. కడుపు జారుడు. వేలితో తాకితే ఒళ్ళు గడప రాయిలా చల్లగా ఉంది. మా ఊరి పశువుల డాక్టరు ఎనుములకు సూదులు వెయ్యడానికి పల్లెల మీద పోయాడట. ఆలస్యం చెయ్యకుండా హిందూపురం తీసుకుపొమ్మని అక్కడున్న మనిషి చెప్పాడు.

తీసుకుపోవడం ఎట్లా? జేబులో పెడితే ఊపిరాడదు. గాజుల తట్ట చేతపట్టుకుని నేను బస్టాండు దాకా నడిస్తే మా ఆరు తరాలవాళ్ళు కొండ మీది నుంచి దిగివస్తారు. అవ్వే ఆలోచించింది. లోపలికి పోయి పాగాపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

అది గుండ్రటి చెక్కపెట్టె. మూతకు నగిషీ చిల్లులు, చుట్టూ ఇత్తడి పట్టీ. పెద్ద పెండ్లికో పంచాయితీకో పోయేటప్పుడు దాన్ని రెండు అరచేతుల మీద, రొమ్ము ఎత్తున పట్టుకుని నడిచే హక్కు ఇంటి వారసుడికే ఉంటుంది. అది మోత కిందికి రాదు. మర్యాద కిందికి వస్తుంది. అవ్వ పాగాను తీసి తన మంచం మీద పెట్టుకుంది. కూనను గుడ్డతో సహా పెట్టెలో పెట్టాం.

బజారులో జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఎన్నాళ్ళయిందో నాకట్లా దారిచ్చి.

బస్సులో నా పక్కన మా వీధి చివర వక్కాకు అంగడి పెట్టుకున్నాయన కూర్చున్నాడు. తమలపాకుల కోసం హిందూపురం పోతున్నాడు. మా ఊళ్ళో సంగతులన్నీ తమలపాకుల్లో చుట్టి ఆయనే ఇంటింటికీ ఇస్తాడు.

"పాగాపెట్టె బయటికొచ్చిందంటే సిన్నపని గాదు. పెండ్లా సామీ, పంచాయితీనా?"

"పని" అన్నాను.

పెట్టెను వేళ్ళతో తాకి కండ్లకు అద్దుకున్నాడు. సరిగ్గా అప్పుడే మూత చిల్లుల్లో నుంచి సన్నటి తుమ్ము వచ్చింది. ఆయన పెట్టె వైపు చూశాడు. నేను చప్పున గట్టిగా తుమ్మాను, మొదటిది కూడా నాదే అన్నట్లు.

"కండక్టరూ, ఆపప్పా! సామి తుమ్మినారు, అదీ మంచి పనికి పోతా!"

కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకునే ఆగాడు. డ్రైవరు ఇంజను ఆపి టీ తాగడానికి దిగిపోయాడు. నాకోసం బస్సంతా కూర్చుని శకున దోషం పోయేదాకా కాచుకుంది. నా మోకాళ్ళ మీద పెట్టెలో ఆ కూన ఒక్కో ఊపిరీ లెక్కపెట్టుకుంటున్నట్లు తీస్తోంది. వాళ్ళ మర్యాదకు నేను చేతులెత్తి దండం పెట్టలేను, ఎందుకంటే చేతుల్లో పెట్టె ఉంది.

ఆసుపత్రి ఆవరణలో ఎనుములు, గొర్రెలు, ఒక మేకపోతు. వాటి మధ్య వరసలో నేను పాగాపెట్టెతో నిలబడ్డాను. నా ముందున్న ఎనుము తోకతో నా ముఖాన్ని రెండుసార్లు పలకరించింది. నేను మెడ వంచలేదు. డాక్టరు చేతులు కడుక్కుంటూ నన్ను చూశాడు.

"ఏమప్పా, సన్మానమా? ఈడ గాదు, కల్యాణ మంటపం ఆ పక్క."

మూత తీశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కూనను అరచేతిలోకి తీసుకున్నాడు.

"మీదేనా?"

"కాదు. అమానతు."

"ఎవరిదైతేనేమి, చల్లబడిపోయింది. దీనికి ముందు వేడి కావల్ల. పాలు ఆ తర్వాత. చల్లటి కడుపులో పాలు పోస్తే అరగవు." కండ్లు తుడిచి చుక్కలు వేశాడు. గోరువెచ్చటి గ్లూకోజు నీళ్ళు నాలుగు చుక్కలు పట్టాడు. "ఉచ్చ పోస్తాందా?"

"నేను చూడలేదు."

"చూడల్లప్పా. ఇంత చిన్నవి తల్లి నాకితేనే పోస్తాయి. దీనికి తల్లి లేదు. తాపినప్పుడంతా నువ్వు..."

నేను ఇంకా నిటారుగా నిలబడ్డాను. నా ముఖంలో ఆయనకు ఏం కనిపించిందో గానీ, "నాకమంటల్యా సామీ, తడిగుడ్డతో తుడవమంటాండా" అన్నాడు. ఎనుమును తోలుకొచ్చినాయన గోడకు ఆనుకుని నవ్వాడు. ఆ వెనక ఎనుము కూడా నోరు తెరిచింది.

డాక్టరు తుడిచి చూపించాడు. ఏమీ రాలేదు. ఆయన పెదవి విరిచాడు.

"ఇంటికి పోయేదాకా పెట్టెలో వద్దు. చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకో. గుండీ ఒక్కటి కూడా తీయొద్దు, గాలి తగలగూడదు. సాయంత్రం లోపల ఉచ్చ పోసిందా, బతికినట్లే. పొయ్యలేదా, మళ్ళా ఇంత దూరం రావద్దు."

తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. నేను నిలబడ్డాను. చొక్కా లోపల, బనీను మీద కూన. బయట చేతుల్లో పెట్టె. ముందు సీట్లో తమలపాకుల మూటతో అంగడాయన.

"ఇట్లీ సామీ, నా కాళ్ళ మింద పెట్టుకుంటా" అని నా చేతుల్లో నుంచి పెట్టె అందుకున్నాడు.

అందుకుని ఆగిపోయాడు. కొంచెం పైకెత్తి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపాడు. ఖాళీ. నా ముఖం చూశాడు. హిందూపురం పోయింది పెట్టెతో, తిరిగొస్తున్నది ఖాళీ పెట్టెతో. పాగా అమ్ముడుపోయిందని ఆయనకు ఇంక ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"పోనీల్యా సామీ" అన్నాడు, గొంతు తగ్గించి. "కాలం. రాజులకే తప్పల్యా."

వెనక సీటాయన "ఏమైందప్పా?" అని అడిగాడు. అంగడాయన ఆయన చెవిలో చెప్పాడు. ఆయన పక్కాయన చెవిలో చెప్పాడు. మాట బస్సు చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి నాకు సీటు దొరికింది. ఒక ముసలామె లేచి, "కూసో నాయనా, నువ్వు కూసో" అంది. మా వంశంలో ఇంతవరకు ఎవరూ జాలితో ఇచ్చిన సీట్లో కూర్చోలేదు.

ఒక్క గుండీ తీస్తే చాలు. "పాగా ఇంట్లోనే ఉంది, పెట్టెలో పోయింది ఇదిగో ఇది" అని చూపిస్తే బస్సంతా నవ్వేది, అంతటితో పోయేది. కిటికీల్లో నుంచి చలిగాలి కోస్తోంది. ఒంటికి ఆనుకున్న ఆ ప్రాణం ఉందో లేదో కూడా నాకు తెలియడం లేదు. చెయ్యి గుండీ దాకా పోయింది. అక్కడే ఆగింది. అడిగినవాడు ఒకడు ఉంటే చెప్పేవాణ్ణేమో. అందరూ నేను బాధపడతానని అడగడం మానేశారు.

పెనుకొండ కోట కనపడుతుండగా నా పొట్ట మీద ఏదో వెచ్చగా తగిలింది. మొదట అర్థం కాలేదు. ఆ వెచ్చదనం బనీనులో పాకి, నడుము దాటి, పంచెలోకి దిగింది. అప్పుడు అర్థమైంది.

నేను నవ్వాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. నిటారుగా కూర్చుని, తడిసిపోతూ, పండ్లన్నీ కనపడేట్లు నవ్వాను. అంగడాయన నన్ను చూసి కండ్లు తుడుచుకున్నాడు.

"తట్టుకోలేక పోతాండాడు" అన్నాడు వెనకాయనతో.

ఇంట్లో అడుగు పెట్టగానే అవ్వ నా చొక్కా వైపు చూసింది, తర్వాత పంచె వైపు.

"పోసిందవ్వా" అన్నాను.

"పోసిందా!" అంది, మనవడు పుట్టినంత సంబరంగా. అవ్వ ఒడిలో పాగా ఉంది, మడతలు సర్దుతోంది. "తే ఇట్లా." నేను గుండీలు విప్పి కూనను అందించేలోపల అవ్వ దాన్ని పాగాలో చుట్టేసింది.

"అవ్వా, అది పాగా!"

"ఉండనీ. కంబళి గుచ్చుకుంటాది. దీంట్లో ఇంతమంది తలల వేడి ఉండాది. వాళ్ళకింక అది దేనికి పనికొస్తాది?"

ఇంకు ఫిల్లరు శుభ్రంగా కడిగి దాంతో గ్లూకోజు, తర్వాత నీళ్ళు కలిపిన మేకపాలు పట్టాం. పట్టడం అవ్వ పని. తుడవడం నా పని. ఇది ఆడవాళ్ళ పని కదా అని నేనంటే, "అమానతు తీసుకున్నోడు నువ్వు" అంది. కాబట్టి రాత్రీ పగలూ ఆ ఇంటి వారసుడు తడిగుడ్డ పట్టుకుని పిల్లికూన వెనక కూర్చునేవాడు. వీపు నిటారుగానే ఉండేది. రొమ్ము ఎత్తున కూనను పట్టుకోవడం నేర్చుకున్నాక వంగాల్సిన పని లేకపోయింది. ఒక రోజు మెరుగు, మరుసటి రోజు మళ్ళీ విరేచనాలు. ఒక పూటంతా అది తల ఎత్తలేదు. ఆ పూట అవ్వ వక్కాకు కూడా వేసుకోలేదు.

ఈలోగా ఊరు మమ్మల్ని పరామర్శించడం మొదలుపెట్టింది. పాలామె అడగకుండానే చెంబు నిండా పోసి, నా ముఖం చూడకుండా పోయేది. అంగడాయన అవ్వకని తమలపాకుల కట్ట ఒకటి గడప మీద పెట్టి, చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడి వెళ్ళాడు. "ఎవరు పోయినార్రా మనింట్లో?" అని అవ్వ అడిగింది. చెప్పాను. అవ్వ తమలపాకులు విప్పి, "ఆకు మంచిది" అంది.

పాగా చూపించి నోళ్ళు మూయించవచ్చు. అందులో కూన ఉంది. తీస్తే ఏడుస్తుంది, చల్లబడుతుంది. అందుకని ఊరుకున్నాం.

మాట ధర్మవరం చేరింది. అక్కడ మా చిన్నాయన, నాయనకు తమ్ముడు, పట్టుచీరల బేరాల్లో ఉంటాడు. భాగాలు పంచుకున్నప్పుడు పాగా తనకే కావాలని పట్టుబట్టి, అది పెద్దకొడుకు వంశానిదని దక్కక, అప్పటినుంచి మా గడప తొక్కని మనిషి. ఆ రోజు రైలు దిగి నేరుగా వచ్చి వసారాలో నిలబడ్డాడు.

"ఏమిరా! తలకాయ అమ్ముకున్న్యావంట!"

"లేదు చిన్నాయనా."

"నాకిస్తే నెత్తిన పెట్టుకుందును! యా సేటుకు అమ్మినావు, పేరు చెప్పు!"

"మెల్లగా మాట్లాడు, లేస్తాది" అంది అవ్వ లోపలినుంచి.

"ఏం లేస్తాది?"

"వచ్చి చూడు."

చిన్నాయన లోపలికి వచ్చాడు. మంచం మీద పాగా గూడులా చుట్టి ఉంది. దాని నడుమ నుంచి ఒక తల పైకి వచ్చింది. కూనకు ఆ రోజుకు ఒక కన్ను బాగా తెరుచుకుంది. దాంతోనే చిన్నాయనను పైనుంచి కిందిదాకా చూసింది.

చిన్నాయన వంగి పాగా అంచు పట్టుకున్నాడు. వాసన చూశాడు.

"ఉచ్చ! అమ్మా, మన పాగా మీద పిల్లి ఉచ్చ!"

"నువ్వు పొయ్యల్యా?" అంది అవ్వ.

"ఏమి?"

"నీ పేరు పెట్టిన దినం. మనింట్లో పేరు పెట్టేటప్పుడు బిడ్డను పాగా మీదే కదా పండుకోబెట్టేది. మీ అన్న గమ్మున పండుకున్న్యాడు. నువ్వు పేరు పూర్తిగా పెట్టేదాకా కూడా ఆగల్యా." పాగా కొస విప్పి చూపించింది. "అదో. అదే. మీ నాయన పదిమందిలో పరువు పోతాదని పన్నీరన్న్యాడు."

నేను ఆ మరక వైపు చూశాను. చిన్నప్పుడు పండగ పండగకూ వాసన చూసిన మరక. చిన్నాయన నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. కూన ఆవలించింది.

చాలాసేపటికి చిన్నాయన మంచం అంచున కూర్చున్నాడు. "పాలు తాగుతాందా?" అని అడిగాడు. పోయేముందు మెత్తటి పట్టుముక్క ఒకటి సంచిలోంచి తీసి, కూన కింద వెయ్యమని అవ్వకిచ్చాడు. పాగా అమ్మలేదని ధర్మవరంలో అందరికీ చెప్తానన్నాడు గానీ, అది ఎక్కడుందో చెప్పాల్సి వస్తుందని తెలిసినట్లుంది, చెప్పలేదు.

కూన రెండో కన్ను తెరిచింది. ఫిల్లరును కొరికింది. ఒక పొద్దున నేను తడిగుడ్డతో సిద్ధంగా కూర్చుంటే, అది నన్ను దాటి మూలకు నడిచిపోయి తన పని తనే చేసుకుంది. నేను గుడ్డ పట్టుకుని కాసేపు అట్లాగే ఉండిపోయాను.

గాజులామె వచ్చింది. గడప దగ్గర నిలబడి, లోపలికి తొంగిచూసే ధైర్యం లేక, ముందు తన సంగతే చెప్పింది.

"ఆడబిడ్డ అయ్యా. తల్లీ బిడ్డా బాగుండారు. కానీ ముందు శానా కష్టమైంది. ఒక దినమంతా నాకు ఈడ దీని సంగతే మనసులో. అడుగుదామంటే ఎవర్ని అడగల్ల?"

"చూసుకో, సరిగ్గా ఉందా?" అన్నాను. అమానతు తిరిగిచ్చేటప్పుడు మా ఇంట్లో అనాల్సిన మాట అది.

ఆమె రెండు చేతులతో ఎత్తుకుంది. కూన ఆమె గాజులను పంజాతో కొట్టింది. ఆమె ఏడ్చింది, నవ్వింది, తర్వాత దాని కడుపు తడిమి "మీరేం పెట్టినారయ్యా, ఇట్లా బలిసింది!" అంది. బిడ్డ దగ్గర ఇంకొన్నాళ్ళు ఉండాలట. వియ్యంకుడు కుక్కను పల్లెకు పంపేశాడట. దీన్ని తీసుకుపోదామని వచ్చింది. మోసుకుపోవడానికి ఇక్కడ వదిలిన గాజుల తట్ట, రెండు మూటలు కూడా ఉన్నాయి.

"స్టేషను దాకా నేనొస్తాను" అన్నాను.

కూనను ఆమె చేతుల్లో నుంచి తీసుకుని పెట్టె దగ్గరికి పోయాను. అది పెట్టెను చూసి నా చొక్కాలోకి దూరబోయింది. ఇంక పెట్టె ఎందుకని, కూననే రెండు చేతుల్లో పట్టుకుని వీధిలోకి దిగాను. బజారు పొడుగునా ఎవరూ పక్కకు జరగలేదు. దగ్గరికొచ్చి చూశారు. అంగడాయన మెట్టు దిగి వచ్చాడు.

"చేతిలో ఏమి సామీ?"

పుట్టినప్పటినుంచి నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"పిల్లి" అన్నాను.

ఆయన పిల్లిని చూశాడు, నన్ను చూశాడు. లోపల ఏదో లెక్క సరిపోయినట్లు తల ఊపాడు. నేను రైలెక్కించి తిరిగొచ్చేసరికి ఊరంతా తెలిసిపోయింది, పాగా అమ్మి పిల్లిని కొన్నానని. ఇప్పటికీ పెనుకొండలో కొంతమంది నన్ను చూస్తే అదే చెప్పుకుంటారు. సరిదిద్దాలంటే ఎవరైనా నన్ను అడగాలి.

ఇంటికొచ్చాను. ఇల్లు ఎప్పుడూ అంత ఖాళీగా లేదు. అవ్వ పాగాను మడత పెడుతోంది. జరీ అక్కడక్కడ గోళ్ళకు లేచిపోయింది. పాత మరక పక్కన కొత్తది, కొంచెం చిన్నది.

"ఉతికిద్దామా అవ్వా?"

"ఎందుకు?" పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఎవరైనా అడిగితే ఇది కూడా పన్నీరే అని చెప్పు."